స్టీరింగ్ కాలమ్ లోపలికి వెళ్తోంది, బయటికి రావట్లేదు (మోటార్ శబ్దం కూడా లేదు)

కిరణ్_వీల్
అందరికీ నమస్కారం. నా కారులో స్టీరింగ్ కాలమ్ (స్టీరింగ్ చక్రాన్ని పట్టి ఉంచే కాడ) కరెంటుతో కదిలే రకం. పక్కనే చిన్న స్విచ్ ఉంటుంది, దాన్ని పైకి కిందకి అంటే చక్రం లేస్తుంది దిగుతుంది, ముందుకి వెనక్కి అంటే డ్యాష్‌బోర్డు వైపు జరుగుతుంది లేదా మన వైపు వస్తుంది. సీటు మెమరీకి కూడా కలిపి ఉంది, ఇంజన్ ఆపి తలుపు తీయగానే చక్రం పైకి లేచి లోపలికి జరిగి దిగడానికి చోటిస్తుంది, మళ్ళీ స్టార్ట్ చేస్తే పాత చోటికి రావాలి. ఇప్పుడేమో లోపలికి వెళ్ళిపోతోంది, తిరిగి రావట్లేదు. స్విచ్ నొక్కినా టిక్కుమనదు, మోటార్ శబ్దం లేదు. పైకి కిందకి మాత్రం ఏ ఇబ్బందీ లేదు. లోపలికి వెళ్ళేటప్పుడు కూడా ఒక్కోసారి మధ్యలో ఆగుతుంది, మళ్ళీ నొక్కితే కదులుతుంది. ఒక్కో రోజు అసలేమీ జరగనట్టు మామూలుగా పనిచేస్తుంది, అదే పెద్ద టెన్షన్. వర్క్‌షాప్‌కి తీసుకెళ్తే అక్కడ బాగానే కదిలింది, కాలమ్ మొత్తం మార్చాలి, విడిగా పార్టులు రావు అన్నారు. అంత అవసరమా? మల్టీమీటర్ ఉంది, వాడటం వచ్చు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

బ్యాటరీ_బాబాయ్
ముందు బ్యాటరీ చూడు తమ్ముడూ. రాత్రంతా ఆగి ఉన్న కారులో 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం అయిపోయినట్టే. ఇంజన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. వోల్టేజి పడిపోతే చాలా కార్లు ముందు ఇలాంటి సౌకర్యాలనే ఆపేస్తాయి. ఫ్యూజు కూడా కంటితో చూసి వదిలేయకు, ఫ్యూజు వీపు మీద రెండు చోట్ల లోహం కనిపిస్తుంది, అక్కడ మీటరు పెట్టి రెండు వైపులా 12 వోల్టులు వస్తున్నాయో లేదో చూడు.

మస్తాన్_గ్యారేజ్
పైకి కిందకి లేస్తోంది కాబట్టి బ్యాటరీ సంగతి కాదేమో బాబాయ్. ఇలాంటివి నేను చూసినంతలో లోపలికి బయటికి జరిపే మోటార్ బ్రష్‌లు (లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలు) అరిగిపోతాయి, కాస్త తట్టితే కదులుతుంది, మర్నాడు మళ్ళీ మొరాయిస్తుంది. కిరణ్ గారూ, ఆ మోటార్ ఒక్కటీ పాత కాలమ్ నుంచి దొరుకుతుందేమో చూడండి.

సుజాత_సర్క్యూట్
మస్తాన్ గారూ, బ్రష్‌లు అరిగితే అలాగే చేస్తుంది, నిజమే. కానీ ఇక్కడ ఒక్క దిక్కుకే కదులుతోంది, రెండో దిక్కుకి అసలు శబ్దమే లేదు. ఆ ముక్క చాలా విషయం చెబుతోంది, కొంచెం వివరంగా రాస్తాను.

ఈ మోటార్లకి ఉండేవి రెండే కరెంటు వైర్లు. లోపలికి వెళ్ళాలంటే మాడ్యూల్ (కాలమ్‌ని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) మొదటి వైరుకి 12 వోల్టులు, రెండో వైరుకి ఎర్త్ ఇస్తుంది. బయటికి రావాలంటే వాటినే తిరగేస్తుంది. అంటే ఏ దిక్కుకి తిరిగినా అవే రెండు వైర్లు, అవే బ్రష్‌లు, అదే రాగి తీగ చుట్ట. లోపలికి తిరిగిందంటే ఆ దారి అంతా బాగున్నట్టే. అందుకే ఒక్క దిక్కే చచ్చిపోతే నేను మోటార్‌ని చివర్లో అనుమానిస్తాను.

ముందు చూడాల్సినవి మూడు. మొదటిది స్విచ్. చాలా కార్లలో ఈ స్విచ్ కరెంటుని నేరుగా మోటార్‌కి పంపదు, లోపల ఒక్కో దిక్కుకి ఒక్కో రెసిస్టర్ ఉంటుంది, ఒకే వైరు మీద వోల్టేజి ఎంత మారిందో చూసి మాడ్యూల్ ఏ దిక్కు నొక్కారో గుర్తుపడుతుంది. కాంటాక్టు మీద మురికి చేరితే ఆ ఒక్క దిక్కు అర్థం కాదు. రెండోది మాడ్యూల్‌లో ఆ దిక్కుకి పనిచేసే రిలే లేదా డ్రైవర్ (మోటార్‌కి కరెంటు ఆన్-ఆఫ్ చేసే భాగాలు) పోవడం. మూడోది, జనం ఎక్కువగా మర్చిపోయేది, పొజిషన్ సెన్సర్. కాలమ్ ఎంతవరకు వచ్చిందో మాడ్యూల్‌కి చెప్పేది అదే. అది తప్పుగా "ఇప్పటికే పూర్తిగా బయటికి వచ్చేసింది" అని చెబితే మాడ్యూల్ బయటికి ఇంకేం కదపదు, నిశ్శబ్దంగా ఊరుకుంటుంది. లోపలికి మాత్రం ఒప్పుకుంటుంది, కానీ మోటార్ తిరుగుతున్నా సెన్సర్ విలువ మారకపోతే ఏదో ఇరుక్కుందనుకుని మధ్యలో ఆపేస్తుంది. మీరు చెప్పిన "ఒక్కోసారి మధ్యలో ఆగుతుంది" అనే మాట నాకు అందుకే పట్టింది.

పార్టులేవీ ఇప్పుడే కొనకండి. వేరే కాలమ్ వేసినా లోపం బయటి వైరింగ్‌లోనో మాడ్యూల్‌లోనో ఉంటే అది అక్కడే ఉంటుంది.

కిరణ్_వీల్
థాంక్యూ సుజాత గారూ, ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. బాబాయ్ చెప్పినవి చూశాను. పొద్దున బ్యాటరీ 12.5, ఇంజన్ ఆన్‌లో 14.1. ఫ్యూజుకి రెండు వైపులా వోల్టేజి ఉంది. కారు లోపాల కోడ్‌లు చదివే చిన్న బ్లూటూత్ స్కానర్ ఒకటి ఉంటే పెట్టాను, కోడ్‌లు ఏమీ లేవని చూపించింది.

సుజాత_సర్క్యూట్
ఆ స్కానర్ ఏమీ లేవన్నంత మాత్రాన ఏమీ లేనట్టు కాదు. ఓబీడీ-2 (కారు తన లోపాలు తానే గుర్తించి స్కానర్‌కి చెప్పే పద్ధతి) అనేది అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి తప్పనిసరి అయింది, అదీ పొగ కాలుష్యం కోసం. అందుకే చిన్న స్కానర్లు ఇంజన్ వైపు 'పీ' కోడ్‌లే చదువుతాయి. సీట్లు, కాలమ్, తలుపులు వచ్చేది బాడీ కింద, వాటివి 'బీ'తో మొదలవుతాయి. బ్రేకు, స్టీరింగ్ లాంటివి 'సీ', మాడ్యూళ్ళ మధ్య మాటలు తెగితే 'యూ'. మీ కారు కంపెనీ మాడ్యూళ్ళన్నీ తెరవగల స్కానర్ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. కోడ్ ఒక్కటే కాదు, లైవ్ డేటా (మాడ్యూల్ ఆ క్షణంలో చూస్తున్న విలువలు) కూడా కావాలి. స్విచ్‌ని బయటికి నొక్కినప్పుడు ఆ కోరిక మాడ్యూల్‌కి చేరుతోందా, పొజిషన్ సెన్సర్ విలువ ఎంత చూపిస్తోంది, ఈ రెండూ రాసుకోండి.

పద్మ_ఆర్
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నా కారులో స్టీరింగ్ బొమ్మ, పక్కన ఆశ్చర్యార్థకం ఉన్న లైటు వెలుగుతోంది, పార్కింగ్‌లో తిప్పుతుంటే ఉన్నట్టుండి చక్రం బరువెక్కిపోతుంది. ఇది కూడా ఇదే కాలమ్ మోటార్ సమస్యేనా?

బ్యాటరీ_బాబాయ్
కాదమ్మా, అది వేరే మోటార్. కిరణ్ ది చక్రం ఎక్కడ ఉండాలో జరిపే చిన్న మోటార్. మీది చక్రం తిప్పడానికి బలం ఇచ్చే ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్. అది కూడా చాలా కార్లలో కాలమ్ మీదే ఉంటుంది కాబట్టి తికమక పడటం మామూలే. కారు కదలకుండా చక్రం తిప్పినప్పుడే దానికి బాగా కరెంటు కావాలి, పదుల ఆంపియర్లు లాగుతుంది. ఎక్కడైనా కనెక్షన్ వదులైతే సరిగ్గా అప్పుడే వోల్టేజి పడిపోయి మాడ్యూల్ బలం ఆపేస్తుంది.

ఒక పరీక్ష చెయ్యండి. మీటరు డీసీ వోల్టుల్లో పెట్టి ఒక కాడ బ్యాటరీ మైనస్ మీద, రెండోది స్టీరింగ్ మాడ్యూల్ ఎర్త్ బోల్టు మీద పెట్టండి. ఇంజన్ ఆన్‌లో, కారు నిలిపి, ఇంకొకరిని చక్రం గట్టిగా తిప్పమనండి. 0.1 వోల్టు లోపే ఉంటే మంచిది, 0.2 దాటిందంటే ఎర్త్ దారిలో తుప్పో వదులో ఉంది. ప్లస్ వైపు కూడా అలాగే, బ్యాటరీ ప్లస్ నుంచి మాడ్యూల్ ప్లస్ దాకా. దాని పెద్ద ఫ్యూజు బోనెట్ కింద బోల్టులతో బిగించి ఉంటుంది, ఆ బోల్టులు వదులయ్యాయేమో కూడా చూడండి. ఇంకో మాట, బలం పోయినా చక్రానికీ టైర్లకీ మధ్య ఇనుప కడ్డీ ఉంటుంది, తిప్పితే తిరుగుతుంది, కాకపోతే చాలా బరువు. కానీ మలుపు మధ్యలో హఠాత్తుగా బరువెక్కితే ప్రమాదమే, ఇది తేలేదాకా ఆ బండి రోడ్డెక్కించకండి.

కిరణ్_వీల్
స్కానర్ దొరికింది. బాడీ మాడ్యూల్‌లో ఒక పాత కోడ్ ఉంది, కాలమ్ లోపలికి-బయటికి పొజిషన్ సెన్సర్ సర్క్యూట్ వోల్టేజి ఎక్కువ అని. లైవ్ డేటాలో స్విచ్ బాగుంది, బయటికి నొక్కితే "బయటికి" అనే కనిపిస్తోంది. పొజిషన్ సెన్సర్ మాత్రం 4.98 వోల్టుల దగ్గర కదలకుండా ఉంది, కాలమ్ పూర్తిగా లోపల ఉన్నా సరే.

ఇంకో విషయం గమనించాను. చక్రాన్ని బాగా కిందకి దించితే ఒక్కసారిగా 1.2 కి పడిపోయింది! అప్పుడు స్విచ్ నొక్కితే బయటికి కూడా వచ్చింది. మళ్ళీ పైకి లేపుతుంటే సగం దాటాక 4.98 కి ఎగిరింది. నేను పొడుగు, చక్రం ఎప్పుడూ పైనే పెట్టుకుంటాను.

మస్తాన్_గ్యారేజ్
ఇంకేముంది, దొరికేసినట్టే. కాలమ్ వంగే చోట వైర్లు కూడా ప్రతిసారీ వంగుతాయి. చక్రం పైకి లేస్తే వైరు సాగి లోపల తెగిన చోటు విడిపోతోంది, దించితే మళ్ళీ తగులుతోంది. వర్క్‌షాప్‌లో బాగానే ఉండటానికి కారణం కూడా అదే అయ్యుంటుంది, వాళ్ళ మనిషి కూర్చుని చక్రం దించి ఉంటాడు.

సుజాత_సర్క్యూట్
పైకి లేపితే పోవడం, దించితే రావడం అనేది ఎంత విలువైన గమనికో చెప్పలేను కిరణ్ గారూ. ఇప్పుడు ఏ వైరో కూడా కనెక్టర్ దగ్గరే తేల్చేయొచ్చు.

మీ కారు సెన్సర్ మూడు వైర్ల పొటెన్షియోమీటర్ (కదిలే కొద్దీ వోల్టేజి మార్చే రెసిస్టర్) రకం అనుకుంటున్నాను, వోల్టుల్లో చూపిస్తోంది కాబట్టి. (అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సర్ రకమైతే పల్స్‌లు లెక్కపెట్టుకుంటుంది, దాని కథ వేరు.) ఈ రకానికి ఒక వైరు 5 వోల్టుల సరఫరా, ఒకటి సెన్సర్ ఎర్త్, ఒకటి సిగ్నల్. 5 వోల్టుల వైరు తెగితే సిగ్నల్ సున్నాకి పడిపోతుంది. ఎర్త్ తెగితే సిగ్నల్ కిందకి దిగే దారే లేక 5 దగ్గరికి ఎక్కి కూర్చుంటుంది. సిగ్నల్ వైరే తెగితే మాడ్యూల్ లోపలి అమరికను బట్టి సున్నా అయినా రావచ్చు, 5 అయినా రావచ్చు. మీది 4.98 కాబట్టి ఎర్త్ మీద నా అనుమానం ఎక్కువ, సిగ్నల్ మీద కొంచెం.

సెన్సర్ దగ్గర కనెక్టర్ ఊడదీయకుండా వెనక వైపు నుంచి సన్నటి పిన్ను గుచ్చి కొలవండి. చక్రం పైన ఉన్నప్పుడు 5 వోల్టుల పిన్నుకీ బాడీ లోహానికీ మధ్య ఎంత, అదే పిన్నుకీ సెన్సర్ ఎర్త్ పిన్నుకీ మధ్య ఎంత. మొదటిది 5 ఉండి రెండోది లేకపోతే ఎర్త్ వైరు తెగినట్టే. ఈ వైర్ల మీద టెస్ట్ ల్యాంప్ మాత్రం పెట్టకండి, బల్బు లాగే కరెంటుకి మాడ్యూల్‌లోని 5 వోల్టుల సరఫరా దెబ్బతింటుంది. మామూలు 12 వోల్టుల సరఫరా వైరు దగ్గరైతే నేనే బల్బు వాడమంటాను, ఒక్క పోగు మిగిలినా మల్టీమీటర్ 12 చూపించేస్తుంది, 21 వాట్ల బల్బు పెడితే 1.75 ఆంపియర్లు లాగి అసలు బలం తేల్చేస్తుంది. సెన్సర్ వైర్లకి అది పనికిరాదు.

కాలమ్ కవర్లు తీసే ముందు ఇది తప్పకుండా చదవండి. ఆ చోటంతా ఎయిర్‌బ్యాగ్ వైర్లు ఉంటాయి, పసుపు కనెక్టర్లు. కవర్లు, వైర్లు కదిపే పని ఏదైనా సరే ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ మైనస్ తీసి, మీ కారు సర్వీస్ పుస్తకంలో చెప్పినంత సేపు ఆగాకే. ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్‌లో కరెంటు నిల్వ ఉంచే కెపాసిటర్లు ఉంటాయి, బ్యాటరీ తీసిన వెంటనే ఖాళీ అవవు. అన్నీ విప్పి, చేతులు వైర్లకి దూరంగా పెట్టుకున్నాకే కొలత కోసం బ్యాటరీ తిరిగి తగిలించండి. పసుపు వైర్లలో దేనికీ మీటరు తగిలించవద్దు, ఓమ్‌లలో అసలే వద్దు, మీటరు పంపే చిన్న కరెంటు కూడా అక్కడ ఆడుకునే వస్తువు కాదు. చక్రాన్ని షాఫ్టు నుంచి విడదీసే పని కూడా పెట్టుకోకండి, దాని కింద ఉండే క్లాక్ స్ప్రింగ్ (తిరిగే చక్రంలోని ఎయిర్‌బ్యాగ్‌కి, హారన్‌కి కరెంటు చేర్చే చుట్టిన రిబ్బన్ వైరు) మధ్య నుంచి తప్పితే రిబ్బన్ తెగుతుంది.

బ్యాటరీ_బాబాయ్
సుజాతమ్మ చెప్పిన ఎయిర్‌బ్యాగ్ మాట రెండుసార్లు చదువుకో తమ్ముడూ. తల దానికి ఎదురుగా పెట్టి పని చెయ్యకు.

కిరణ్_వీల్
జాగ్రత్తగానే చేశాను. సర్వీస్ పుస్తకంలో చెప్పినంత సేపు ఆగి కింద కవరు మాత్రమే తీశాను, చక్రం ముట్టుకోలేదు. కొలతలు: చక్రం పైన ఉన్నప్పుడు 5 వోల్టుల పిన్ను నుంచి బాడీకి 5.0, అదే పిన్ను నుంచి సెన్సర్ ఎర్త్‌కి దాదాపు సున్నా. చక్రం దించితే రెండూ 5.0. ఎర్త్ వైరే.

ఒక సందేహం. వైరింగ్ బొమ్మలో చూస్తే టిల్ట్ (పైకి-కిందకి) సెన్సర్‌కి కూడా అదే ఎర్త్ వెళ్తోంది. మరి అది ఎలా పనిచేస్తోంది?

సుజాత_సర్క్యూట్
మంచి ప్రశ్న, అదే మీ పని తగ్గిస్తుంది. మాడ్యూల్ నుంచి ఎర్త్ ఒకటిగా బయల్దేరి ఎక్కడో రెండుగా చీలుతుంది. టిల్ట్ బాగుంది కాబట్టి చీలే చోటు దాకా వైరు బాగుంది. తెగింది ఆ చీలిక తర్వాత, జరిగే భాగంలోని సెన్సర్ వైపు వెళ్ళే కొమ్మలో. మాడ్యూల్ దాకా వైరింగ్ విప్పాల్సిన పనే లేదు. బ్యాటరీ మళ్ళీ తీసేసి, కాలమ్ వంగే చోట గుడ్డ టేపు విప్పి, ఆ వైరుని రెండు వేళ్ళతో కొద్ది కొద్ది దూరంలో పట్టుకుని మెల్లగా లాగుతూ వెళ్ళండి. లోపల రాగి బాగుంటే వైరు సాగదు.

కిరణ్_వీల్
దొరికింది! పైన తొడుగు చెక్కుచెదరలేదు, కంటికి ఏమీ కనిపించదు, కానీ బిగించిన క్లిప్పు పక్కనే ఒక చోట లాగితే వైరు రబ్బరులా సాగింది. అక్కడ కోసి చూస్తే లోపల రాగి పోగులు అన్నీ తెగి, చివర్లు నల్లబడి ఉన్నాయి. పక్కనున్న ఇంకో వైరు కూడా అక్కడే కాస్త మెత్తగా అనిపించింది.

ఇప్పుడు అతకడం ఎలా? టంకం పెట్టి టేపు చుట్టేయనా?

బ్యాటరీ_బాబాయ్
మంచి టంకం పెట్టి స్లీవ్ వేస్తే జీవితాంతం ఉంటుంది, నేను చేసినవన్నీ అలాగే ఉన్నాయి.

మస్తాన్_గ్యారేజ్
వంగే చోట టంకం వద్దు బాబాయ్. కరిగిన టంకం పోగుల మధ్యకి పాకి వైరుని కొంత దూరం గట్టి కడ్డీలా చేసేస్తుంది, ఆ గట్టి భాగం ఎక్కడ అయిపోతే అక్కడే మళ్ళీ తెగుతుంది. కదలని చోటైతే మీరు చెప్పినట్టే బాగుంటుంది. ఇక్కడ నేనైతే తెగిన చోటుకి రెండు వైపులా, వంగే భాగం దాటాక కోసి, మధ్యలో కొత్త ముక్క వేస్తాను. అదే మందం, కానీ సన్నటి పోగులు ఎక్కువ ఉన్న మెత్తటి వైరు. అతుకులకి లోపల జిగురు ఉన్న ష్రింక్ స్లీవ్‌తో (వేడి చేస్తే బిగుసుకునే తొడుగు) క్రింప్ కనెక్టర్లు (వైరు మీద నొక్కి బిగించేవి), సరైన క్రింపింగ్ ప్లయర్‌తోనే నొక్కాలి, మామూలు పట్టకారుతో కాదు. రెండు వైర్లు మారుస్తుంటే అతుకులు పక్కపక్కనే రాకుండా కాస్త ముందు వెనక చెయ్యండి, లేకపోతే అక్కడ ముద్దలా అయ్యి మళ్ళీ రాసుకుంటుంది.

సుజాత_సర్క్యూట్
మస్తాన్ గారి మాటే నాదీ. ఇంకొకటి, కొత్త ముక్క పొడవు తేల్చేటప్పుడు కాలమ్ పూర్తిగా పైకి, పూర్తిగా బయటికి ఉండాలి, ఆ స్థితిలో కూడా వైరు కాస్త వదులుగా ఉండాలి. ఆ క్లిప్పు దగ్గర వైరు బిగుసుకుని ఉందో లేదో కూడా చూడండి. వైరు అలసిపోయి తెగడానికి మొదటి కారణం చాలాసార్లు అలాంటి బిగువే. మరీ వదిలేసినా కదిలే ఇనుప భాగాల మధ్య ఇరుక్కుంటుంది. మెత్తగా ఉన్న రెండో వైరు ఏది?

కిరణ్_వీల్
టిల్ట్ మోటార్ వైరు. పసుపు వాటిలోది కాదు.

సుజాత_సర్క్యూట్
అయితే అదీ ఇప్పుడే మార్చేయండి, అన్నీ విప్పే ఉన్నాయి కదా. పసుపు వైరు అయ్యుంటే మాత్రం అతకొద్దనే చెప్పేదాన్ని, దానికి కంపెనీ చెప్పిన పద్ధతి లేదా కొత్త హార్నెస్ (వైర్ల కట్ట మొత్తం) తప్ప వేరే దారి లేదు.

కిరణ్_వీల్
రెండూ మార్చాను. క్లిప్పు నిజంగానే బిగుతుగా ఉంది, వైరు కట్టని కాస్త వెనక్కి జరిపి వదులు ఇచ్చి పెట్టాను. గుడ్డ టేపు చుట్టి కవరు వేయకముందే, చేతులు తీసేసి పరీక్షించాను. చక్రం పూర్తిగా పైన ఉండగా లోపలి నుంచి బయటికి నడిపితే సెన్సర్ 0.8 నుంచి 4.2 దాకా ఎక్కడా ఎగరకుండా మెల్లగా పెరిగింది. ఆపి, కదలని భాగంలో వైర్ల కట్టని మెల్లగా ఊపినా విలువ కదల్లేదు. కోడ్ తుడిచాను, తిరిగి రాలేదు.

ఒక్కటే మిగిలింది, ఇంజన్ ఆపితే చక్రం లోపలికి వెళ్తోంది కానీ స్టార్ట్ చేస్తే పాత చోటికి కాకుండా ఎక్కడో మధ్యలో ఆగుతోంది.

మస్తాన్_గ్యారేజ్
తప్పుడు సెన్సర్ విలువ ఉన్నప్పుడు సేవ్ అయిన పొజిషన్ అయ్యుంటుంది, లేదా బ్యాటరీ తీయడం వల్ల పోయుంటుంది. నాలుగు దిక్కులా చివరి దాకా నడిపి, చివర్లో స్విచ్ కొంచెం సేపు నొక్కి పట్టుకోండి, ఆ తర్వాత మీకు కావాల్సిన చోట పెట్టుకుని సీటు మెమరీలో కొత్తగా సేవ్ చెయ్యండి. కొన్ని కార్లకి ఇది స్కానర్‌తో చెయ్యాలి, సర్వీస్ పుస్తకంలో చూడండి.

కిరణ్_వీల్
అయిపోయింది, సరిగ్గా పాత చోటికే వస్తోంది. అందరికీ చాలా థాంక్స్. సుజాత గారూ, మీ మొదటి పోస్టు లేకపోతే మోటార్ కోసం తిరుగుతూ ఉండేవాణ్ణి.

పద్మ_ఆర్
నా సంగతి కూడా చెబుతాను. బాబాయ్ గారు చెప్పినట్టు కొలిస్తే చక్రం తిప్పినప్పుడు ఎర్త్ వైపు 0.9 వోల్టులు వచ్చింది. బ్యాటరీ నుంచి బాడీకి వచ్చే మైనస్ వైరు బోల్టు కింద తుప్పు, పెయింటు. శుభ్రంగా గీకి బిగిస్తే 0.04 కి దిగింది, చక్రం తేలిగ్గా తిరుగుతోంది. కానీ లైటు ఇంకా వెలుగుతూనే ఉంది.

బ్యాటరీ_బాబాయ్
శభాష్ అమ్మా. లైటు పాత కోడ్ వల్ల వెలుగుతుండొచ్చు. 'సీ' కోడ్‌లు చదివే స్కానర్‌తో ముందు కోడ్ రాసుకుని, తర్వాత తుడవండి. వోల్టేజి తక్కువ అనే కోడ్ అయితే తుడిచాక మళ్ళీ రాకూడదు. టార్క్ సెన్సర్ (చక్రం ఎంత బలంగా తిప్పుతున్నారో కొలిచేది) గురించి గానీ, యాంగిల్ సెన్సర్ (చక్రం ఎంత తిరిగిందో కొలిచేది) కాలిబ్రేషన్ గురించి గానీ ఏదైనా ఉంటే మాత్రం తుడిచి వదిలేయకండి, ఆ నంబరు ఇక్కడ పెట్టండి, చూద్దాం.